విలియం విల్బర్‌ఫోర్సు మహాశయుడు

దైవభక్తి గలవానికి రాజ్యవ్యవహారములతో పనియేమి యని కొందరందురు. రాజ్యవ్యవహారములు నడుపువానికి దైవభక్తితో పనియేమి యని మరికొందరందురు. ఈ రెండు తలంపులును సరికావని తన జీవితముచేత ఋజువు చేసినవారిలో ఇంగ్లండు దేశీయుడగు విలియం విల్బర్‌ఫోర్సు ముఖ్యుడు. ఆయన మంత్రిపదవి నెన్నడును పొందలేదు, సేనలను నడుపలేదు, రాజబిరుదములను ఆశింపలేదు. 45 సంవత్సరములు కామన్సు సభలో సామాన్య సభ్యుడుగనే యుండెను. అట్లుండియు, తన దేశమునకు విశేష లాభము తెచ్చిపెట్టుచున్న యొక పాపవర్తకమును చట్టముచేత మాన్పించిన వారికి నాయకుడయ్యెను. అది యెట్లు సాధ్యమయ్యెనో తెలిసికొనుట మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగకరము.

విల్బర్‌ఫోర్సు 1759 సంవత్సరము ఆగస్టు 24వ తేదీన ఇంగ్లండు తూర్పుతీరమునందలి హల్ అను రేవుపట్టణమున ధనికుడగు వర్తకుని యింట జన్మించెను. బాల్యమునుండియు ఆయన దేహము దుర్బలము, దృష్టి మందము. 1768లో తండ్రి మరణింపగా బాలుడు తండ్రి సోదరుని యింట పెరుగుటకు పంపబడెను. ఆ యింటివారు మిక్కిలి భక్తిపరులు. వారి సహవాసమున కుమారునకు మతావేశము పట్టునేమో యని తల్లి భయపడి, ఆతనిని మరల హల్ నగరమునకు తెచ్చుకొని, విందులకును నాటకములకును అలవాటు చేసెను. 1776లో కేంబ్రిడ్జి విద్యాలయమున చేరిన పిమ్మట పెద్దల ఆస్తి చేతికి వచ్చుటచే శ్రమపడి చదువవలసిన యక్కర ఆయనకు తోచలేదు. మధురమైన కంఠము, చమత్కారమైన మాట, తెరచిన చేయి గల ఆ యువకుని చుట్టును స్నేహితులు సదా మూగియుండిరి. తరువాత ప్రధానమంత్రి యైన విలియం పిట్టు ఆ స్నేహితులలో నొకడు.

1780లో, 21వ యేట, ఆయన హల్ పట్టణమునుండి కామన్సు సభకు ఎన్నుకొనబడెను. ఆ యెన్నికకు 8,000 పౌనులకు పైగా వ్యయమయ్యెను. వోటు వేయువారికి సొమ్మిచ్చుట ఆ కాలమున వింత కాదు. 1784లో ఇంగ్లండులోకెల్ల పెద్దదియగు యార్కుషైరు మండలము ఆయనను తన ప్రతినిధిగా పంపెను. నాటికి పిట్టు ప్రధానమంత్రి. పదవులు తానై వచ్చి గుమ్మమున నిలుచు కాలమది. ఆ తరుణముననే ఆయన జీవితము మరియొక త్రోవను త్రొక్కెను.

1784, 1785 సంవత్సరములలో ఐరోపాఖండమున ప్రయాణము చేయుచు, విల్బర్‌ఫోర్సు తన మిత్రుడును విద్వాంసుడునగు ఐజాక్ మిల్నరుతో గూడి ఒక భక్తిగ్రంథమును, పిదప గ్రీకు భాషలోని క్రొత్తనిబంధనను చదివెను. తాను వట్టి నామమాత్ర క్రైస్తవుడననియు, దేవుడిచ్చిన కాలమును, ధనమును, వాక్కును వ్యర్థపరచితిననియు ఆయనకు తోచెను. అంతట పశ్చాత్తాపము పుట్టెను. వేకువనే లేచి ప్రార్థించుట మొదలుపెట్టెను. కాని ఒక సందేహము ఆయనను బాధించెను. ఇట్టి మార్పు నొందినవాడు కుయుక్తులతోను, పక్షములతోను నిండిన రాజకీయములలో నుండవచ్చునా? వానిని విడిచి బోధకుడగుట మేలు కాదా?

1785 డిసెంబరు నెలలో ఆయన ఎవ్వరికిని తెలియకుండ జాన్ న్యూటను అను వృద్ధ గురువును చూడబోయెను. ఈ న్యూటను యౌవనమున ఆఫ్రికా దేశీయులను బానిసలుగా కొనిపోవు ఓడలకు నాయకుడై యుండి, తరువాత మనస్సు త్రిప్పుకొని దైవసేవలో ప్రవేశించినవాడు. ఆయన విల్బర్‌ఫోర్సును పార్లమెంటు విడువవలదనియు, దేవుడు ఆయనను అచ్చట నిలిపినది ప్రజల మేలు కొరకే కావచ్చుననియు హితవు చెప్పెను. పిట్టుకూడ ఇంచుమించుగ అట్టి సలహానే యిచ్చెను. విల్బర్‌ఫోర్సు ఆ మాటలు విని నిలిచెను. ఆ నాడు ఆయన సభను విడిచి యున్నచో చరిత్ర యెట్లుండెడిదో చెప్పజాలము.

నిలిచినవాడు మునుపటివలె ఉండలేదు. జూదములాడు క్లబ్బులనుండి తన పేరు తీసివేయించుకొనెను. దినములో ఏ గడియ దేనికి వినియోగమయ్యెనో లెక్క వ్రాసికొనుచు, విద్యార్థి దశలో పోగొట్టుకొన్న చదువును మరల కూర్చుకొనెను. వివాహమునకు పూర్వము తన రాబడిలో నాల్గవ వంతునకు తక్కువ గాకుండ బీదలకు పంచిపెట్టుచుండెను. అయినను ముఖము ముడుచుకొని తిరుగువాడు కాడు. ఆయన యింట పిల్లల అల్లరియు, అతిథుల సంభాషణయు, నవ్వులును ఎల్లప్పుడు వినవచ్చుచుండెడివి.

ఆయన చేపట్టిన మహాకార్యము బానిస వర్తకమును రూపుమాపుట. ఆ వర్తకమెట్టిదో కొంచెము తెలిసికొనవలయును. లివర్‌పూలు, బ్రిస్టలు, లండను రేవులనుండి ఓడలు బట్టలు, తుపాకులు మొదలగు సరకులతో ఆఫ్రికా పశ్చిమతీరమునకు పోవును. అచ్చట ఆ సరకులకు మారుగ మనుష్యులను కొని, సంకెలలు వేసి, అట్లాంటిక్ మహాసముద్రము దాటించి, వెస్టు ఇండీసు దీవులలోని చెరకుతోటల యజమానులకు అమ్మును. ఆ సొమ్ముతో పంచదార మొదలగువానిని నింపుకొని స్వదేశము చేరును. ఐరోపా జాతులన్నియు కలిసి దాదాపు నాలుగు శతాబ్దములలో ఇట్లు ఓడలకెక్కించినవారు సుమారు 1 కోటి 25 లక్షలమంది యని చరిత్రకారులు లెక్కించియున్నారు. వారిలో 15 లక్షలకు పైగా త్రోవలోనే మరణించిరి. బ్రిటిషు ఓడలు కొనిపోయినవారే 30 లక్షలకు మించిరి. 1781లో జాంగ్ అను ఓడవారు 130 మందికి పైగా బానిసలను ప్రాణములతో సముద్రమున త్రోసివేసిరి. పిమ్మట ఓడ యజమానులు సరకు నష్టమైనదని భీమా సొమ్ము కోరిరి. న్యాయస్థానమున జరిగిన వాదము హత్యను గూర్చి కాదు, సొమ్మును గూర్చియే. మనుష్యుని సరకుగా నెంచిన చట్టము ఎంత దూరము పోవునో దీనివలన తెలియుచున్నది.

ఈ కార్యమును విల్బర్‌ఫోర్సు ఒంటరిగ ప్రారంభింపలేదు. ఆయనకు ముందే క్వేకర్లను భక్తజనులు దీనిని ఖండించియుండిరి. గ్రాన్‌విల్ షార్పు న్యాయస్థానములలో బానిసల పక్షమున పోరాడియుండెను. తామస్ క్లార్క్‌సను గుఱ్ఱముపై రేవు రేవు తిరిగి, నావికులను ప్రశ్నించి, సంకెలలను, బొటనవ్రేళ్లు నొక్కు యంత్రములను కొని తెచ్చి సాక్ష్యము కూర్చెను. తాను స్వయముగ బానిసత్వమనుభవించి స్వేచ్ఛ సంపాదించుకొన్న ఒలౌడా ఈక్వియానో 1789లో తన జీవితచరిత్రను ప్రకటించి ప్రజల హృదయములను కదిలించెను. వీరందరి శ్రమను చట్టముగా మార్పగల గొంతు పార్లమెంటులో కావలసియుండెను. 1787 మే నెలలో ఒక చింతచెట్టువలె విశాలమైన ఓకు వృక్షము క్రింద కూర్చుండి, పిట్టు ఈ తీర్మానమును తెమ్మని తన మిత్రుని ప్రోత్సహించెను. ఆ నెలలోనే లండనులో 12 మంది సభ్యులతో బానిస వర్తక నిర్మూలన సంఘము స్థాపింపబడెను. వారిలో 9 మంది క్వేకర్లు.

1789 మే 12వ తేదీన విల్బర్‌ఫోర్సు సభలో మూడున్నర గంటలసేపు మాటలాడెను. లివర్‌పూలు వర్తకులను ఆయన దూషింపలేదు. ఈ పాపమును ఇన్నినాళ్లు సహించిన పార్లమెంటును, దేశమును, అందులో తన్నును చేర్చి, అందరమును దోషులమే యని ఒప్పుకొనెను. ఎదుటివానిని నిందించుటతో మొదలిడక, తన తప్పును ముందుగా చెప్పుకొనుట క్రైస్తవధర్మము నేర్పిన పద్ధతి. పిదప ఆయన ఆవేశమును విడిచి లెక్కలలోనికి దిగెను. బానిసలేగాక ఓడలలోని తెల్ల నావికులును ఎట్లు చచ్చుచుండిరో అంకెలతో చూపెను. బ్రూక్సు అను ఓడలో శాసనము ప్రకారము 454 మందిని ఎక్కింపవచ్చును. అంతమందిని వరుసగా పరుండబెట్టిన పటమును నిర్మూలన సంఘమువారు అచ్చొత్తించి దేశమంతట పంచిరి. ఆ పటమున అడుగు పెట్టుటకైన చోటు లేదు. ఆ శాసనమునకు ముందు అదే ఓడలో 600 మందికి పైగా తీసికొనిపోయిరన్న మాట చూపరులను నిశ్చేష్టులను చేసెను.

ఐనను సభ కదలలేదు. సాక్ష్యము వినవలెనని రెండేండ్లు జాగుచేసి, 1791లో 163 వోట్లకు 88 వోట్లతో తీర్మానమును త్రోసివేసిరి. మరుసటి సంవత్సరము దేశమునందలి పట్టణములనుండియు గ్రామములనుండియు 519 అర్జీలు పార్లమెంటునకు వచ్చెను. ఎన్నో కుటుంబములు బానిసల శ్రమచే పండిన పంచదారను ముట్టమని మానివేసెను. అప్పుడు హెన్రీ డండాసు అను మంత్రి క్రమక్రమముగా అను మాటను తీర్మానమున చేర్పించెను. ఆ చిన్న మాట పెద్ద అడ్డుగోడ యయ్యెను. ఫ్రాన్సు దేశమున విప్లవము చెలరేగి, 1793లో ఇంగ్లండునకు దానితో యుద్ధము కలుగగా, సంస్కరణ కోరువారందరు దేశద్రోహులను అపవాదు బయలుదేరెను. 1796లో బిల్లు 74 వోట్లకు 70 వోట్లతో పోయెను. ఆ రాత్రి విల్బర్‌ఫోర్సు పక్షమువారు కొందరు సంగీతనాటకమునకు పోయి సభకు రాకుండిరి. నాలుగు వోట్లు! ఆ తరువాత ఆయనకు జబ్బు చేసెను. అపజయముపై అపజయము, పత్రికలలో అపహాస్యము, వర్తకుల బెదిరింపులు. వీనినెల్ల భరించి, దాదాపు ప్రతియేటను ఆ తీర్మానమునే మరల తెచ్చుచుండెను. ఫలమిచ్చువాడు దేవుడు, విత్తుట తన విధి యని నమ్మినవాడు గనుక ఓటమి ఆయనను పగవానిగా చేయలేదు, పనివానిగానే నిలిపెను.

నమ్మకము స్నేహముచేత పరీక్షింపబడుట కఠినము. 1794లో ఫ్రాన్సుతో సంధి చేసికొనవలెనని ఆయనకు తోచినప్పుడు, ప్రాణమిత్రుడగు పిట్టు ప్రభుత్వమునకు ప్రతికూలముగ సవరణ ప్రతిపాదించెను. పిట్టు మనస్సు మిక్కిలి నొచ్చెను. కొంతకాలము ఇరువురి నడుమ చనువు తగ్గెను. 1805లో డండాసు, అప్పటికి మెల్‌విల్ ప్రభువు, నౌకాశాఖ ధనమును తన క్రింది యుద్యోగి స్వంతమునకు వాడుకొనుటకు చోటిచ్చెనను నిందపై సభలో చర్చ జరిగెను. పిట్టు ఆతనిని కాపాడజూచెను. విల్బర్‌ఫోర్సు లేచి, ప్రజాధనము విషయమున ఉపేక్ష తగదని పలుకగా పెక్కండ్రు సభ్యులు ఆయన వైపునకు మొగ్గిరి. ఇరుపక్షముల వోట్లు 216 చొప్పున సమానమయ్యెను. సభాధ్యక్షుని వోటుతో మెల్‌విల్ ప్రభువు దోషియని తీర్మానమయ్యెను. పదవి కోరనివాని మాటకు ఎంత బరువుండునో ఆ రాత్రి సభ చూచెను.

1806 జనవరిలో పిట్టు మరణించెను. గ్రెన్‌విల్ ప్రభువు ప్రధానమంత్రి యయ్యెను. విల్బర్‌ఫోర్సు బావమరిదియు న్యాయవాదియు నగు జేమ్సు స్టీఫెను ఒక యుక్తి పన్నెను. శత్రుదేశముల దీవులకు బ్రిటిషు ఓడలు బానిసలను చేరవేయరాదని మొదట చట్టము చేయించిరి. యుద్ధకాలము గనుక దానిని కాదనుటకు ఎవ్వరికిని నోరు రాలేదు. దానితో వర్తకములో అధికభాగము నిలిచిపోయెను. మరుసటి సంవత్సరము బిల్లును మొదట ప్రభువుల సభలో నెగ్గించి, 1807 ఫిబ్రవరి 23వ తేదీన కామన్సు సభకు తెచ్చిరి. సభ్యులు ఒకరి తరువాత నొకరు లేచి విల్బర్‌ఫోర్సును ప్రస్తుతించిరి. ఆయన తలవంచుకొని కన్నీరు కార్చుచు కూర్చుండెను. అనుకూలముగ 283, ప్రతికూలముగ 16. మార్చి 25వ తేదీన రాజు ఆమోదము లభించెను. మొదటి ప్రసంగమునుండి ఆ దినమునకు దాదాపు 18 సంవత్సరములు గడిచెను.

మన దేశముతోను ఆయనకు సంబంధము గలదు. లండను సమీపమున క్లాఫమ్ అను గ్రామమున ఆయనయు, హెన్రీ తారన్‌టను, జకరీ మెకాలే, ఈస్టిండియా కంపెనీ కొలువున పనిచేసిన చార్లెసు గ్రాంటు మొదలగు మిత్రులును చేరువ చేరువ నివసించుచు, ప్రార్థనయందును సత్కార్యములందును కలిసియుండిరి. 1799లో చర్చి మిషనరీ సంఘమును స్థాపించుటలో వీరికి ముఖ్యభాగము కలదు. 1813లో కంపెనీ అధికారపత్రమును పునరుద్ధరించునప్పుడు, మిషనరీలు ఇండియాలో ప్రవేశించుటకు అనుమతి గల షరతును విల్బర్‌ఫోర్సు పట్టుబట్టి చేర్పించెను. ఆ శాసనముననే ఇండియాలో విద్యాభివృద్ధికై ఏటేట లక్ష రూపాయలకు తక్కువ గాకుండ వ్యయపరుపవలెనని నిర్ణయమయ్యెను. ఆ త్రోవననే 1841లో రాబర్టు నోబిల్, హెన్రీ ఫాక్సు అను చర్చి మిషనరీ సంఘమువారు మచిలీపట్టణము చేరిరి. 1843లో నోబిల్ దొరగారి పాఠశాల తెరువబడెను.

ఇంతటి మహాశయునియందు లోపములు లేవని చెప్పుట సత్యము కాదు. 1813 చర్చలో హిందువుల మతాచారములను గూర్చి ఆయన కఠోరముగ మాటలాడెను. ఈ దేశమును కన్నులార చూచినవాడు కాడు. ఇంగ్లండులో కూలివారు సంఘములుగ కూడుటను నిషేధించు చట్టములకు సహాయపడెను. బానిసత్వమునకు విరోధముగ స్త్రీలు సంఘములు పెట్టి యింటింటికి తిరుగుట ఆయనకు నచ్చలేదు. సముద్రము కావలనున్నవాని దుఃఖము తెలిసినవానికి తన వీధిలోని కూలివాని దుఃఖము కొంత మరుగుపడెను. భక్తి గలవానికిని ఇట్టి గ్రుడ్డితనము కలుగవచ్చునని తెలిసికొనుట మనకు హెచ్చరిక.

వర్తకము మానినను, అప్పటికే దీవులలోనున్న బానిసలు బానిసలుగనే యుండిరి. వారి విడుదలకై 1823లో క్రొత్తసంఘమేర్పడెను. వృద్ధుడైన విల్బర్‌ఫోర్సు ఆ భారమును తామస్ ఫావెల్ బక్స్‌టనునకు అప్పగించి, 1825లో పార్లమెంటును విడిచెను. పని తన పేరుతోనే ముగియవలెనను పట్టుదల ఆయనకు లేకుండెను. 1831 డిసెంబరులో జమైకా దీవి బానిసలు శామ్యూల్ షార్పు అను బాప్టిస్టు సంఘపు డీకను నాయకత్వమున పని మానివేసిరి. అది తిరుగుబాటుగ మారెను. మరుసటి యేట షార్పును ఉరిదీసిరి. ఆతడును ఆ పరిశుద్ధగ్రంథమునే చదివి, మనుష్యుడు మనుష్యునకు సొత్తు కాడని తెలిసికొన్నవాడు. అతని మరణముతో బానిసత్వము ఇంకెంతోకాలము నిలువదని ఇంగ్లండునకు స్పష్టమయ్యెను.

విల్బర్‌ఫోర్సు చివరి దినములు సుఖముగ గడువలేదు. పెద్దకుమారుడు పాలవ్యాపారములో నష్టపడగా, ఆ అప్పులు తీర్చుటకు తన యాస్తిలో అధికభాగమును, నివాసగృహమును విడిచి, గురువులైన ఇతర కుమారుల యిండ్లలో తలదాచుకొనెను. 1833 జూలై 26వ తేదీన బానిసల విమోచన బిల్లు నెగ్గుట నిశ్చయమైనదను వార్త మంచముపైనున్న ఆయనకు చేరెను. మూడు దినములకు, జూలై 29వ తేదీన ప్రాణము విడిచెను. పార్లమెంటువారు కోరగా ఆయన దేహమును వెస్టుమినిస్టరు మహాలయమున సమాధి చేసిరి.

1834 ఆగస్టు 1వ తేదీనుండి ఆ చట్టము అమలులోనికి వచ్చి, సుమారు 8 లక్షలమంది బానిసత్వమునుండి తొలగింపబడిరి. అయినను వారిలో పెక్కండ్రు 1838 వరకు పాత యజమానులకే చాకిరి చేయవలసివచ్చెను. యజమానులకు 2 కోట్ల పౌనులు నష్టపరిహారమిచ్చిరి; నష్టపడిన బానిసలకు ఒక్క కాసు ముట్టలేదు. ఈస్టిండియా కంపెనీ రాజ్యమునకు ఆ చట్టము వర్తింపలేదు. మన దేశమున 1843లో వేరొక శాసనముచే బానిసత్వమునకు న్యాయస్థానముల ఆదరణ తొలగింపబడెను. మంచి చట్టమును సైతము సగముతో ఆపివేయుట లోకస్వభావము. మిగిలిన సగమునకై నిలుచుట సేవకుల కర్తవ్యము.

విద్యార్థులారా! మీలో కొందరు గ్రామాధికారులు కావచ్చును, కొందరు ఉపాధ్యాయులు, వైద్యులు, శాసనసభ్యులు కావచ్చును. మీ యెదుట కూర్చుండి మాటలాడువారి మేలు చూచుట సులభము. వోటు లేనివాని, లంచమియ్యజాలనివాని, మీ భాషలో మొరపెట్టుకొనజాలనివాని మేలు చూచినప్పుడే మీ పదవి సేవయగును. ప్రార్థించి లేచినవాడు లెక్కలు సరిచూచుకొని, తోడివారిని కూర్చుకొని, ఓడినను మరునాడు మరల రావలయును. విల్బర్‌ఫోర్సు మహాశయుడు చేసినది అంతియే. అంతమాత్రము చేయుటకు ఆయనకు ఒక జీవితకాలము పట్టెను.